గింజల నూనె గుండెకి మంచిదో కాదో ల్యాబ్‌లో తేల్చటం ఎట్టా

మా బాబాయికి విజయవాడలో గొల్లపూడి వైపు చిన్న కరెంటు గానుగ ఉంది, నువ్వులు వేరుశనగ ఆడతాడు, ఈ మధ్య అవిసె గింజలు, నల్లజీలకర్ర కూడా మొదలుపెట్టాడు. మొన్న సంక్రాంతికి వెళ్తే సీసా చేతిలో పెట్టి "ఒరేయ్, నువ్వు ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్తావు గదా, దీన్ని మీ ల్యాబులో టెస్ట్ చేసి గుండెకి మంచిదని ఒక కాయితం ఇవ్వరా, లేబుల్ మీద వేయించుకుంటా" అన్నాడు. కాయితం రెండు రోజుల్లో వచ్చేది కాదు బాబాయ్, ఏడాది పట్టిద్ది, పైగా అందులో మంచిదనే వచ్చిద్దని గ్యారంటీ లేదు అంటే మొహం మాడ్చుకున్నాడు. అసలు గుండె జబ్బు తగ్గిస్తది, బీపీ తగ్గిస్తది అని మందు లెక్కన ప్రకటన వేస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందకి వచ్చిద్దని చెప్పాక కాస్త తగ్గాడు.

ఇదే టాపిక్ మా గుంటూరు వైపు ఎం.ఫార్మ్ ఫార్మకాలజీ పిల్లలు ప్రతి సంవత్సరం ప్రాజెక్టుకి ఎంచుకుంటారు, ప్రతి సంవత్సరం ఒకటే తప్పు చేస్తారు, నేను కూడా నా టైంలో అదే చేశా. నూనె ఇవ్వని ఎలకల గ్రూపుకి నీళ్ళో, సెలైనో, సీఎంసీ అనే జిగురు ద్రావణమో పోసి దాన్నే కంట్రోల్, అంటే పోల్చి చూసే గ్రూపు, అనేస్తారు. నూనెకి కంట్రోల్ ఇంకో నూనే అవ్వాలండి. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాది చేతి పని, అందుకే ఇది రాస్తున్నా, కొంచెం పొడుగ్గానే ఉండిద్ది.

మొదట ప్రశ్న తేల్చుకోండి

"గుండెకి మంచిది" అనేది ల్యాబులో టెస్ట్ చేసే ప్రశ్న కాదు, అది లేబుల్ మాట. గుండె కండరం దెబ్బతినకుండా కాపాడిద్దా, కొలెస్ట్రాల్ తగ్గిస్తదా, కొట్టుకునే లయ మారుస్తదా, పంపింగ్ బలం పెంచుద్దా, బీపీ దించుద్దా, ఇవన్నీ వేరు వేరు, ఒక్కోదానికి ఒక్కో మోడల్, అంటే ల్యాబులో పరీక్షించే ఏర్పాటు. ఒకటి, మహా అయితే రెండు పెట్టుకోండి, అన్నీ పెట్టుకుంటే ఏదీ పూర్తవదు.

ఇంకో సంగతి, మంచి చేసిద్దా అని వెతికేటప్పుడు చెడు చేసిద్దేమో కూడా అదే శ్రద్ధతో వెతకాలి. మన ఊళ్ళల్లో పచ్చగన్నేరు పప్పు తిని ప్రాణాలు తీసుకున్న కథలు అందరికీ తెలుసు, ఆ గింజలో ఉండే థెవెటిన్, పెరువోసైడ్ లాంటి గ్లైకోసైడ్లు గుండె కణాల్లో సోడియం పొటాషియం పంపుని ఆపేస్తయి, డిజాక్సిన్ పని చేసే దారి కూడా అదే. మూలికే కదా, గింజే కదా అని ధీమా పడొద్దు. బలురక్కసి అని పొలం గట్ల మీద పసుపు పూల ముళ్ళ మొక్క ఉండిద్ది చూడండి, దాని గింజల నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో ఎపిడెమిక్ డ్రాప్సీ వచ్చింది, కాళ్ళు వాచి గుండె ఫెయిలై 60 మందికి పైగా చనిపోయారు. అందులో విషం పేరు సాంగ్వినరిన్. అది కూడా గింజల నూనే.

గింజ ఎవరిది, ఏది

నల్లజీలకర్ర అని కిరాణా కొట్టులో అడిగితే ఒకడు కలోంజి ఇస్తాడు, ఇంకొకడు షాజీరా ఇస్తాడు, ఉల్లి విత్తనాలు కలిసినా కంటికి తేడా దొరకదు, రెండూ నల్లగా మూలలు తేలి అట్టానే ఉంటయి. అందుకని పొడి గింజ ఒక్కటే కాదు, పూత కాయ ఉన్న మొక్కని కూడా సంపాదించి బాటనీ వాళ్ళ చేత గుర్తింపు రాయించుకోవాలి. మాకు దగ్గర్లో నాగార్జున యూనివర్సిటీ బాటనీ డిపార్ట్‌మెంట్ ఉంది, హెర్బేరియం షీట్ (ఎండబెట్టి అతికించిన మొక్క నమూనా) చేసి వోచర్ నంబర్ వేయించుకుంటాం. మెంతులు, ధనియాలు లాంటివైతే గుంటూరు దగ్గర లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పేరు పెట్టిన రకాలే ఉన్నయి, లాం సెలక్షన్-1 మెంతి అట్టాంటిదే. ఏ రకం అని పేరుతో చెప్పగలిగితే మార్కెట్లో కొన్న కలగాపులగం సరుకు కన్నా వంద రెట్లు నయం. ప్రాజెక్టు మొత్తానికి సరిపడా గింజలు ఒకేసారి, ఒకే లాట్ కొనండి. మధ్యలో అయిపోయి మళ్ళీ కొంటే అది వేరే ప్రయోగం కింద లెక్క.

నూనె తీయటం

మెటీరియల్స్ అండ్ మెథడ్స్‌లో అందరూ సాక్స్‌లెట్, హెక్సేన్, 6 నుంచి 8 గంటలు అని రాసేస్తారు (మరిగే సాల్వెంట్‌తో గింజ పొడిని పదే పదే కడిగి నూనె లాగే పద్ధతి), బాగా నూనె దిగిద్ది నిజమే, కాని జనం తాగేది గానుగ నూనె అయినప్పుడు మీరు హెక్సేన్ నూనె టెస్ట్ చేసి గానుగ నూనె గురించి చెప్పటం ఏం లెక్క? హెక్సేన్ 69 డిగ్రీల దగ్గర మరిగిద్ది, ఫ్లాస్కులో నూనె ఆ వేడిలో గంటల తరబడి ఉండిద్ది, తర్వాత రోటరీ ఎవాపరేటర్లో వాక్యూమ్ పెట్టి హెక్సేన్ లాగేటప్పుడు నల్లజీలకర్రలో అసలు సరుకు అని అందరూ చెప్పుకునే థైమోక్వినోన్ కూడా కొంత లేచిపోయిద్ది, ఎందుకంటే అది ఆవిరయ్యే రకం. హెక్సేన్ పూర్తిగా పోకపోతే అదో గొడవ. నా సలహా, ప్రశ్న గానుగ నూనె గురించైతే గానుగ నూనే తీసుకోండి, ఆడించిన తేదీ, గింజ వేడెక్కిందా లేదా, వడపోత ఎట్టా అనేవి నోట్‌బుక్కులో రాసుకోండి.

తీసిన వెంటనే చిన్న చిన్న గోధుమరంగు సీసాల్లో అంచు దాకా నింపి, నైట్రోజన్ ఉంటే ఊది, మైనస్ 20 డిగ్రీల్లో పెట్టండి. ఒక సీసా ఒక వారానికి, అంతే. ఒకే పెద్ద సీసా రోజూ మూత తీసి వాడే పని పెట్టుకోవద్దు.

ఇది ఎందుకు ఇంత నొక్కి చెప్తున్నానంటే, నేను ఎం.ఫార్మ్ చేసేటప్పుడు మార్చిలో అవిసె నూనె తీసి బల్ల మీద పెట్టుకుని మే దాకా అదే వాడా. గుంటూరు మే సంగతి చెప్పేదేముంది, రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ, దానికి తోడు కరెంటు కోతలు. చివర్లో ఎందుకో అనుమానమొచ్చి పెరాక్సైడ్ వాల్యూ, అంటే నూనె ఎంత ముక్కిపోయిందో చెప్పే అంకె, చూస్తే ముక్కిపోయిన నూనె. నేను రెండు నెలలు ఎలకలకి పోసింది అవిసె నూనె కాదు, కుళ్ళిన అవిసె నూనె! రిజల్ట్ ఎటు వచ్చినా దాన్ని ఎవరికీ చెప్పుకోలేని పరిస్థితి, మళ్ళీ మొదటికి.

ఎలక జోలికి పోకముందే నూనెకి చేసే పరీక్షలు

ఇవి చవక, బి.ఫార్మ్ ల్యాబులో కూడా అయిపోతయి. యాసిడ్ వాల్యూ (నూనె విరిగి విడిపోయిన ఆమ్లాలు ఎంత అని) అంటే పొటాషియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్, ఫినాఫ్తలీన్ లేత గులాబీ వచ్చేదాకా. పెరాక్సైడ్ వాల్యూకి పొటాషియం అయొడైడ్ వేస్తే విడుదలైన అయొడిన్‌ని థయోసల్ఫేట్‌తో కొలుస్తాం, స్టార్చ్ నీలం పోయేదాకా. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల లెక్క ప్రకారం గానుగ నూనెకి పెరాక్సైడ్ వాల్యూ 15 మిల్లీ ఈక్వివలెంట్ల దాకా, రిఫైండ్‌కి 10 దాకా ఒప్పుకుంటారు, యాసిడ్ వాల్యూ గానుగకి 4, రిఫైండ్‌కి 0.6. ప్రయోగం మొదటి రోజు, మధ్యలో ఒకసారి, చివరి రోజు, మూడు సార్లు చూసి థీసిస్‌లో వేయండి, ఎక్స్‌టర్నల్ వచ్చినప్పుడు నోరు మూతపడిద్ది.

బలురక్కసి కల్తీ ఉందేమోనని గాఢ నైట్రిక్ యాసిడ్ పరీక్ష ఒకటి చేయండి, యాసిడ్ పొర ఎర్ర నారింజ రంగు తిరిగితే అనుమానించాల్సిందే, అప్పుడు టీఎల్‌సీతో (పలుచటి పూత పలక మీద పదార్థాలు విడదీసే పరీక్ష) ఖాయం చేసుకోవాలి. ఆ తర్వాత ఫ్యాటీ యాసిడ్లని మిథైల్ ఎస్టర్లుగా మార్చి గ్యాస్ క్రొమటోగ్రఫీ (జీసీ), ఏ ఫ్యాటీ యాసిడ్ ఎంత ఉందో చెప్పేది. ఇది బయట చేయించినా సరే, తప్పనిసరిగా చేయించండి, కంట్రోల్ నూనె ఎంచుకునేది ఈ రిపోర్టు చూసే.

యాంటీ ఆక్సిడెంట్ గుణం చూసే డీపీపీహెచ్ అనే రంగు పరీక్ష గురించి రెండు ముక్కలు. ఊదారంగు పోయింది, 517 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తగ్గింది, కాబట్టి యాంటీ ఆక్సిడెంట్, కాబట్టి గుండెకి మంచిది అని రాసేస్తారు. గాజు గొట్టంలో రంగు పోవటానికి గుండెకి సంబంధం చాలా దూరం. పైగా నూనె మిథనాల్లో సరిగ్గా కరగదు, మబ్బుగా ఉండి రీడింగే తప్పు వచ్చిద్ది, చేస్తే ఇథైల్ ఎసిటేట్‌లో చేయండి.

కణాల మీద చేయాలంటే హెచ్9సీ2 అని ఎలక పిండం గుండె నుంచి వచ్చిన కణాల లైన్ ఉంది, పుణె ఎన్‌సీసీఎస్ నుంచి తెచ్చుకుంటారు, గుండెని దెబ్బతీసే క్యాన్సర్ మందు డాక్సోరూబిసిన్‌తో దెబ్బకొట్టి నూనె ఉంటే ఎన్ని బతికినయ్యో ఎంటీటీ అనే రంగు పరీక్షతో చూస్తారు. ఇక్కడా అదే తంటా, కణాల మీడియం అంటే నీళ్ళు, నూనె పైన తేలుద్ది, కణం అడుగున అంటుకుని ఉండిద్ది, రెండూ కలవనే కలవవు. డీఎంఎస్ఓ అనే సాల్వెంట్లో వేసినా మీడియంలో పడగానే విడిపోయిద్ది. నూనెని సబ్బుగా మార్చి ఫ్యాటీ యాసిడ్లు విడదీసి అల్బ్యుమిన్‌కి కట్టి ఇవ్వటం సరైన దారి, అయితే అప్పుడు మీరు టెస్ట్ చేసేది నూనెని కాదు దాని ఫ్యాటీ యాసిడ్లని, ఆ మాట రాయాలి. లయ సంగతికి హెచ్ఈఆర్‌జీ అనే గుండె కణాల పొటాషియం ఛానల్ మీద కరెంటు కొలిచే ప్యాచ్ క్లాంప్ ఉంది, మందుల భద్రతకి ఐసీహెచ్ ఎస్7బీ అనే అంతర్జాతీయ గైడ్‌లైన్ అడిగేది అదే, మన కాలేజీల్లో దొరకదు, హైదరాబాద్ కాంట్రాక్ట్ ల్యాబులకి పంపాలి, మొత్తం నూనె కన్నా అందులోంచి విడదీసిన పదార్థానికే అది సరిగ్గా కుదిరిద్ది.

పర్మిషన్

ఎలకని ముట్టుకునే ముందు కాలేజీ యానిమల్ ఎథిక్స్ కమిటీకి ఫారం బీ పెట్టి అనుమతి తెచ్చుకోవాలి, కమిటీలో కేంద్రం నుంచి వచ్చే సీసీఎస్ఈఏ నామినీ ఉంటారు, ముందు దీన్నే సీపీసీఎస్ఈఏ అనేవాళ్ళం. 1960 చట్టం, 1998 రూల్స్. రిజిస్టరైన బ్రీడర్ దగ్గరే విస్టార్ ఎలకలు కొనాలి. ముందు ప్రయోగం చేసేసి తర్వాత అనుమతి నంబర్ పట్టుకొచ్చే తెలివితేటలు నేను చూశా, చేయొద్దు, పేపర్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చిద్ది. యానిమల్ హౌస్ 22 డిగ్రీలకి మూడు అటూ ఇటూ, తేమ 30 నుంచి 70 శాతం, 12 గంటల వెలుగు 12 గంటల చీకటి. కృష్ణా ఒడ్డున ఎండాకాలం ఉక్కపోతలో ఇది జనరేటర్ లేకుండా అవ్వదు, అందుకే నేను పిల్లలకి ఆగస్టు తర్వాత మొదలుపెట్టమంటా. వేడికి ఎలక గుండె వేగమే మారిపోయిద్ది, మీ నూనె ఎంత చేసిందో ఎండ ఎంత చేసిందో ఎట్టా విడదీస్తారు?

గ్రూపులు, కంట్రోల్ నూనె, డోసు: అసలు పని ఇక్కడుంది

ఒక పాత కథ. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అనిచ్‌కోవ్ అనే ఆయన కుందేళ్ళకి కొలెస్ట్రాల్ తినిపించి రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవటం చూపించాడు, గుండె జబ్బుల చరిత్రలో పెద్ద ప్రయోగం అది. కొలెస్ట్రాల్‌ని పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి ఇచ్చాడు, మరి తప్పు నూనెదేమో అని ఎవరైనా అంటే? ఉత్త పొద్దుతిరుగుడు నూనె మాత్రమే తిన్న కుందేళ్ళ గుంపు ఒకటి పక్కన పెట్టాడు, వాటికి ఏమీ కాలేదు. వందేళ్ళ కింద ఆయనకి తట్టిన ఆలోచన మన థీసిస్‌లలో ఇంకా కనపడట్లేదు.

నీళ్ళు పోసిన ఎలకకి, నూనె పోసిన ఎలకకి తేడా ఎంతో లెక్కేసి చూడండి. 200 గ్రాముల ఎలకకి కేజీకి 5 మి.లీ. చొప్పున ఇస్తే 1 మి.లీ. నూనె, బరువు 0.92 గ్రాములు, అంటే 8 కేలరీల పైన. ఆ ఎలక రోజంతా తినే మేత 50 నుంచి 70 కేలరీలు. అంటే తిండిలో ఎనిమిదో వంతు నుంచి ఆరో వంతు దాకా మీరు నూనెగా పోస్తున్నారు, అది మేత తగ్గించుకుంటది, బరువు మారిద్ది, రక్తంలో కొవ్వు మారిద్ది. ఇంత మార్పు చేసి, తేడా వస్తే అది మూలిక గుణం అంటే ఎట్టా నమ్ముతాం?

కంట్రోల్ నూనె ఎంచుకోవటానికి జీసీ రిపోర్టు ముందేసుకోండి. నల్లజీలకర్ర నూనెలో సగానికి పైగా లినోలిక్ యాసిడ్, మామూలు పొద్దుతిరుగుడు నూనె కూడా దాదాపు అట్టానే, కాబట్టి అది సరైన జోడీ, ఆ రెంటికీ తేడా వస్తే థైమోక్వినోన్ లాంటి మిగతా సరుకు వల్ల అని అనొచ్చు. అవిసెకి జోడీ దొరకదు, అందులో సగం పైన ఆల్ఫా లినోలెనిక్, అప్పుడు కుసుమ నూనె పక్కన పెడితే మీ ప్రశ్న ఒమేగా-3 కి ఒమేగా-6 కి తేడా ఏంటి అని మారిద్ది, అదీ మంచి ప్రశ్నే, కాకపోతే అదేనని ఒప్పుకోవాలి. షాపులో ప్యాకెట్ నూనె కొనేటప్పుడు వెనక అక్షరాలు చదవండి, టీబీహెచ్‌క్యూ కలిపి ఉంటే అది గట్టి యాంటీ ఆక్సిడెంట్, విటమిన్ ఏ, డీ కలిపినవి కూడా ఉంటయి, మీ కంట్రోలే మందైపోయిద్ది. ఏమీ కలపనిది తెచ్చుకుని దానికి కూడా పెరాక్సైడ్ వాల్యూ చూడండి. ఆవనూనె మాత్రం కంట్రోల్‌గా పెట్టొద్దు. అందులో ఎరూసిక్ యాసిడ్ ఎక్కువ, అది తిన్న ఎలకల గుండె కండరంలో కొవ్వు బొట్లు పేరుకుంటయని ఎప్పుడో తేలింది, అందుకే గదా కెనడా వాళ్ళు ఎరూసిక్ తీసేసిన కనోలా తయారుచేసుకున్నారు.

ఇక నా పద్ధతిలో గ్రూపులు: నార్మల్, కంట్రోల్ నూనె ఒక్కటే, కంట్రోల్ నూనె మీద గుండె దెబ్బ (మందుతో గుండెని పాడుచేయటం, కింద చెప్తా), టెస్ట్ నూనె తక్కువ డోసు మీద దెబ్బ, ఎక్కువ డోసు మీద దెబ్బ, టెస్ట్ నూనె ఒక్కటే దెబ్బ లేకుండా. ఈ చివరిది అందరూ ఎగ్గొడతారు, నూనె తనంతట తానే గుండెని ఏమైనా చేస్తుందా అని చెప్పేది అదొక్కటే. స్టాండర్డ్ మందు (పనిచేస్తుందని ముందే తెలిసిన మందు) గ్రూపు అడుగుతారు కాబట్టి ఏడోది పెడతాం. తక్కువ డోసు గ్రూపుకి మిగతా మోతాదు కంట్రోల్ నూనెతో నింపండి, అందరికీ మొత్తం మి.లీ. ఒకటే ఉండాలి, ఇది చిన్న కిటుకు గాని కేలరీల గొడవంతా దీంతో పోయిద్ది.

డోసుకి మనిషి లెక్క వేసుకోండి. ఎలక డోసుని 6తో గుణించి 37తో భాగిస్తే మనిషి డోసు. కేజీకి 1 మి.లీ. అంటే 60 కేజీల మనిషికి రోజుకి 10 మి.లీ. లోపు, రెండు చెంచాలు, బాగానే ఉంది. కేజీకి 5 మి.లీ. అంటే దాదాపు 50 మి.లీ., రోజూ పావు గ్లాసు నల్లజీలకర్ర నూనె ఎవరు తాగుతారండి? కేజీకి 5 దాటించొద్దు, విరేచనాలవుతయి, పైగా ఓరల్ ఫీడింగ్ నీడిల్ కాస్త పక్కకెళ్ళి ఊపిరితిత్తుల్లో నూనె పడితే ఎలక పోయిద్ది. దానికన్నా ముందు ఓఈసీడీ గైడ్‌లైన్ 423 గాని 425 గాని పద్ధతిలో అక్యూట్ టాక్సిసిటీ, అంటే ఒక్క డోసుకే విషమవుద్దా అనేది, చూసుకోవాలి.

ఎన్ని ఎలకలు అంటే అందరూ గ్రూపుకి 6 అంటారు, ఎందుకు అంటే అందరూ అంటున్నారు కాబట్టి. ముందు డేటా ఉంటే పవర్ లెక్క (తేడా పట్టుకోటానికి ఎన్ని ఎలకలు కావాలనేది) వేయండి. లేకపోతే మొత్తం ఎలకల్లోంచి గ్రూపుల సంఖ్య తీసేస్తే 10కి 20కి మధ్య రావాలనే మోటు లెక్క ఒకటుంది. 7 గ్రూపులకి 6 చొప్పున 42, తీసేస్తే 35, ఎక్కువే, కాని గుండెని దెబ్బకొట్టే మందు ఐసోప్రెనలిన్‌కి కొన్ని చనిపోతయి కాబట్టి ఆ కారణం ఫారం బీలో రాయండి. ఏ ఎలక ఏ గ్రూపు అనేది కంప్యూటర్ ర్యాండమ్ నంబర్లతో వేయండి, బోనులో చేతికి ముందు దొరికినవి మందకొడివి, అవన్నీ ఒకే గ్రూపులో పడితయి లేకపోతే.

గుండెని దెబ్బకొట్టటం

అందరూ వాడేది ఐసోప్రెనలిన్, 1959లో రోనా వాళ్ళు చూపించిన మోడల్. 28 రోజులు నూనెలు తాగించి, 28, 29 రోజుల్లో 24 గంటల తేడాతో కేజీకి 85 మి.గ్రా. చర్మం కింద ఇంజెక్షన్. గుండె ఉరుకులు పెట్టిద్ది, ఆక్సిజన్ చాలదు, కండరం అక్కడక్కడా చచ్చిపోయిద్ది. మందు ఎప్పటికప్పుడు సెలైన్‌లో కలుపుకోండి, వెలుగు తగిలితే గులాబీ రంగు తిరిగిద్ది, తిరిగితే పారబోయండి.

ఒక లొసుగు చెప్తా. స్టాండర్డ్ అని ప్రొప్రనొలాల్ పెడితే అది బీటా రిసెప్టర్‌నే మూసేసిద్ది, ఐసోప్రెనలిన్ పనిచేసేదీ అక్కడే, తాళం చెవి రంధ్రంలో మైనం పోసినట్టు. గుండె కాపాడబడటం గురించి దాని వల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు. మీ నూనె కూడా ఒక్క ఐసోప్రెనలిన్ మోడల్లోనే పనిచేస్తే గుండెని కాపాడిందా, ఆ మందునే అడ్డుకుందా చెప్పలేం. అందుకే రెండో మోడల్, కింద చెప్పే లాంగెన్‌డార్ఫ్ గాని డాక్సోరూబిసిన్ గాని, ఒకటి ఉండాలి.

ఈసీజీ

రెండో ఇంజెక్షన్ అయిన 24 గంటలకి మత్తిచ్చి లీడ్ 2 తీస్తాం. కెటమిన్ జైలజిన్ మత్తులో గుండె వేగం బాగా తగ్గిపోయిద్ది, కాబట్టి అందరికీ అదే మత్తు, అదే డోసు, మత్తు ఇచ్చిన అదే నిమిషానికి రికార్డింగ్. మనిషి ఈసీజీ చూసిన కళ్ళతో ఎలకది చూస్తే తికమక పడతారు, క్యూఆర్ఎస్ (గుండె ముడుచుకునేటప్పటి పెద్ద అల) అవ్వగానే టీ వేవ్ (తేరుకునేటప్పటి అల) అంటుకుని వచ్చేసిద్ది, మధ్యలో చదునైన ఎస్‌టీ గీత ఉండదు. ఎస్‌టీ ఎత్తు ఏ పాయింట్ దగ్గర కొలుస్తున్నారో ముందే రాసుకుని అదే పాటించండి. ట్రేస్ నిండా 50 హెర్ట్జ్ చిన్న అలలు వస్తుంటే ఎర్తింగ్ చూడండి, ఏసీ, ట్యూబ్‌లైటు ఆపి చూడండి, తొంభై శాతం అక్కడే దొరికిద్ది.

రక్తం, కండరం

గుండె కండరం పాడైతే రక్తంలోకి కారేవి చూస్తాం: సీకే-ఎంబీ, ఎల్‌డీహెచ్, ఎస్‌జీఓటీ, వీలైతే ట్రోపోనిన్ ఐ. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలి సీరం ఎర్రగా వస్తే ఎల్‌డీహెచ్, ఎస్‌జీఓటీ ఆకాశానికి పోతయి, ఆ శాంపిల్‌ని మార్క్ చేసి పక్కన పెట్టండి, నచ్చిన గ్రూపులో ఉంచి నచ్చని గ్రూపులో తీసేయటం మోసం. మనిషి కోసం చేసిన సీకే-ఎంబీ కిట్‌లో యాంటీబాడీ ఎలక ఎంజైమ్‌ని పట్టుకుంటదో లేదో ముందే కనుక్కోండి, ట్రోపోనిన్‌కి అయితే ఎలక కిట్టే కొనాలి, రేటు గుండెపోటు తెప్పించేట్టే ఉండిద్ది.

గుండెని రుబ్బిన హోమోజనేట్‌లో, కొవ్వు ఎంత ఆక్సీకరణ అయ్యిందో చెప్పే టీబార్స్ పరీక్ష, అదే ఎండీఏ, 532 నానోమీటర్ల దగ్గర చదువుతాం. నూనెల విషయంలో ఇది దొంగ సాక్షి. అవిసె నూనె తిన్న ఎలక గుండె పొరల్లోకి డబుల్ బాండ్లు ఎక్కువున్న ఫ్యాటీ యాసిడ్లు చేరతయి, టెస్ట్ చేసేటప్పుడు యాసిడ్ వేసి ఉడకబెడితే అవి అక్కడికక్కడే విరిగి గులాబీ రంగు ఇస్తయి. కాబట్టి ఎండీఏ పెరిగితే నూనె చెడు చేసిందని, తగ్గితే మంచి చేసిందని దీనొక్కదాన్ని పట్టుకుని చెప్పొద్దు, బీహెచ్‌టీ (ఆక్సీకరణ ఆపే పదార్థం) వేసి చేయండి, ఒంట్లోనే ఉండే యాంటీ ఆక్సిడెంట్లు గ్లూటాథయోన్, ఎస్ఓడీ, కాటలేజ్ పక్కన పెట్టి చూడండి.

హిస్టాలజీకి, అంటే కండరాన్ని మైక్రోస్కోపులో చూడటానికి, 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, హెచ్ అండ్ ఈ రంగు. స్లయిడ్ మీద గ్రూపు పేరు కాదు, కోడ్ నంబర్ వేసి పాథాలజిస్టుకి ఇవ్వండి. ఒక ముక్క ఫార్మలిన్‌లో పడేయకుండా ఫ్రీజ్ చేసి ఆయిల్ రెడ్ ఓ అనే కొవ్వుకి పట్టే రంగు వేయించండి, గుండెలో కొవ్వు బొట్లు ఉంటే దాంట్లోనే కనపడతయి, మామూలు పద్ధతిలో కొవ్వంతా సాల్వెంట్లో కరిగిపోయి ఉత్త ఖాళీలు మిగులుతయి.

లాంగెన్‌డార్ఫ్

నాకిష్టమైన ప్రయోగం. 1890ల్లో ఆస్కార్ లాంగెన్‌డార్ఫ్ కనిపెట్టిన పద్ధతి, గుండెని బయటకి తీసి అయోర్టాలోంచి (గుండె నుంచి బయటికొచ్చే పెద్ద ధమని) వెనక్కి పోషక ద్రావణం పంపితే అది ఒంటరిగా కొట్టుకుంటానే ఉండిద్ది, మొదటిసారి చూసినప్పుడు అరగంట కుర్చీలోంచి లేవలేదు నేను.

రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, మత్తులో గుండె తీసి, మంచులా చల్లటి ద్రావణంలో ముంచి రెండు మూడు నిమిషాల్లో అయోర్టాని గొట్టానికి కట్టాలి. ఒక్క గాలి బుడగ లోపలికి పోయిందా, కరొనరీల్లో (గుండెకి రక్తమిచ్చే నాళాల్లో) ఇరుక్కుని గుండె అయిపోయినట్టే. ద్రావణం క్రెబ్స్-హెన్సెలైట్, 37 డిగ్రీలు, 95 శాతం ఆక్సిజన్ 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు, పీహెచ్ 7.4. కాల్షియం క్లోరైడ్ చివర్లో, గ్యాస్ పట్టించాకే కలపండి, ముందే వేస్తే తెల్లగా విరిగిపోయిద్ది. బోరు నీళ్ళు ఎంత ఫిల్టర్ పట్టినా వద్దు, ట్రిపుల్ డిస్టిల్డ్ వాటరే. ద్రావణం సీసా గుండెకి 95 సెం.మీ. పైన పెడితే 70 ఎంఎం మెర్క్యురీ ప్రెషర్ వచ్చిద్ది, పంపు లేకపోయినా పనైపోయిద్ది. 20 నిమిషాలు కుదుటపడనిచ్చి, 30 నిమిషాలు ఫ్లో ఆపి, మళ్ళీ 60 నుంచి 120 నిమిషాలు వదలాలి. కరొనరీ ఫ్లో ఎంత కారుతుందో కొలవండి, ఆ కారిన దాంట్లోనే ఎల్‌డీహెచ్ చూడండి, చివర్లో గుండెని ముక్కలు కోసి 1 శాతం టీటీసీ రంగు ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర ఓ 15 నిమిషాలు ఉంచితే బతికున్న కండరం ఇటుక ఎరుపు, చచ్చింది పాలిపోయి ఉండిద్ది.

నూనెని మాత్రం ఈ ద్రావణంలో కలపొద్దు. నూనెని నీళ్ళలో కలిపే ట్వీన్ 80 వేసి ఎమల్షన్ చేసి పంపుతారు కొందరు, ట్వీన్ తానే గుండె మీద పనిచేయగలదు, నూనె బొట్లు సన్నటి నాళాల్లో అడ్డం పడతయి. 28 రోజులు నోటి ద్వారా తాగించిన ఎలక గుండెనే తీసి పెట్టండి, నూనె చేసే పని ఏదైనా ఉంటే అప్పటికే కండరంలో ఉండిద్ది. ఇక్కడ కూడా కంట్రోల్ నూనె తాగిన గుండె పక్కన ఉండాల్సిందే.

కొలెస్ట్రాల్ చూడాలనుకుంటే

క్లుప్తంగా చెప్తా. ఎలక మనలాంటిది కాదు, దాని కొలెస్ట్రాల్ ఎక్కువభాగం హెచ్‌డీఎల్‌లోనే తిరిగిద్ది, సీఈటీపీ అనే ప్రోటీన్ దానికి లేదు. ఎలకలో ఎల్‌డీఎల్ తగ్గింది అని ఎల్‌డీఎల్‌ని లెక్కకట్టే ఫ్రీడ్‌వాల్డ్ ఫార్ములా వేసి రాస్తే అందులో అర్థం తక్కువ, హ్యామ్‌స్టర్ గాని కుందేలు గాని నయం. కొలెస్ట్రాల్ తగ్గితే గుండె బాగున్నట్టే అనుకోవటం కూడా తొందరపాటే, సిడ్నీలో 1966 నుంచి 1973 దాకా 458 మంది గుండె రోగుల మీద చేసిన ప్రయోగంలో కుసుమ నూనె గ్రూపుకి కొలెస్ట్రాల్ తగ్గింది, 2013లో ఆ పాత డేటా మళ్ళీ తీసి లెక్కేస్తే చావులు మాత్రం ఆ గ్రూపులోనే ఎక్కువ.

లెక్కలు, రాయటం

వన్ వే అనోవా (గ్రూపుల సగటులన్నీ ఒకేసారి పోల్చే లెక్క) చేసి ఊరుకోవద్దు, మీరు పోల్చాల్సింది టెస్ట్ నూనె ప్లస్ దెబ్బ గ్రూపుని కంట్రోల్ నూనె ప్లస్ దెబ్బ గ్రూపుతో, నార్మల్‌తో కాదు. ఆ పోలిక కోసం, మిగతా గ్రూపుల్ని ఒకే కంట్రోల్‌తో పోల్చే డన్నెట్ టెస్ట్. చనిపోయిన ఎలకల సంఖ్య గ్రూపుల వారీగా వేయండి, ఎందుకంటే దెబ్బ గ్రూపులో బాగా పాడైనవి ముందే పోతే మిగిలినవి గట్టివే, వాటి సగటు చూస్తే జబ్బు తక్కువున్నట్టు కనపడిద్ది, మీ నూనె పనిచేసినా తేడా తేలదు. జంతు ప్రయోగాల రిపోర్టుకి ఉన్న ఎరైవ్ చెక్‌లిస్ట్ పక్కన పెట్టుకుని రాయండి. వాడిన ప్రతి నూనెలో ఒక సీసా సీల్ చేసి డీప్ ఫ్రీజర్లో అట్టిపెట్టండి, రివ్యూయర్ ఏడాది తర్వాత అడుగుతాడు.

బాబాయికి నేను ఇవ్వగలిగింది యాసిడ్ వాల్యూ, పెరాక్సైడ్ వాల్యూ ఉన్న కాయితం ఒకటి. నువ్వులది బానే ఉంది, అవిసెది షాపు అద్దాల బీరువాలో ఎండ తగిలే చోట పెట్టినందుకు 15 దాటింది. ఇప్పుడు అవిసె మాత్రం ముందు ఆర్డర్ ఉంటేనే ఆడుతున్నాడు, సీసా మీద ఆడించిన తేదీ పెన్నుతో రాస్తున్నాడు, గుండె బొమ్మ ఉన్న పాత లేబుళ్ళు ఇంకో కట్ట మిగిలినయంట, వాటిని తిరగేసి వెనకవైపు లెక్కలు రాసుకుంటున్నాడు.